వెనక అట్ట మీది మొహం

మా ఊరికి ఫైవ్ జీ ఇంకా సరిగ్గా రాలేదు. మిద్దె ఎక్కి ఫోను ఆకాశానికి చూపిస్తే ఒకటో రెండో గీతలు పడతాయి. మబ్బులు అడ్డొచ్చాయని చెప్పుకుందామన్నా మా అనంతపురం పక్క ఆ సాకు చెల్లదు. అట్లాంటి ఊళ్ళో, మా సంఘానికి ఎనభై జీ వచ్చిందని ఆటోకి మైకు కట్టి నేనే వీధి వీధికీ చెప్పాను. మర్నాడు పొద్దున్నే నలుగురు ఫోన్లు పట్టుకొని మా సంఘం గది ముందు నిలబడ్డారు. కొత్త సిమ్ము తీసుకోవాలా, పాతదానికే వస్తుందా అని వాళ్ళ సందేహం.

అది ఫోను సంగతి కాదు, ఆదాయపన్ను వాళ్ళిచ్చే కాగితం. ఆ కాగితం ఉన్న సంఘానికి విరాళమిస్తే, ఇచ్చినవాళ్ళకు పన్నులో కొంత తగ్గుతుంది. బదులుగా సంఘం ఒక మాట మీద నిలబడాలి. చదువు చెప్తామని తీసుకున్నది చదువుకే వాడాలి. ఈ ఒక్క ముక్క నా బుర్రకెక్కడానికి వెయ్యి పుస్తకాలు, రెండు బకెట్ల మైదా గోందు, ఒక సర్పంచ్ ఎన్నిక ఖర్చయ్యాయి.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కల అయ్యవారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. ఆయన బళ్ళో ఉండిపోయాడు, నేను మా నాయనతో తాడిపత్రి నాపరాళ్ళ లోడింగుకి పోయాను. రాళ్ళు మోయడం కంటే మాటలు మోయడం తేలికని కొన్నాళ్ళకు తెలిసింది. ఒక పాత ఆటో కొని దానికి మైకు బిగించాను. చీరల తగ్గింపు ధరలు, తప్పిపోయిన మేకలు, ట్యాంకరు నీళ్ళొచ్చే వేళ, పోయినోళ్ళ పెద్దదినం, మా యాడికి మండలంలో ఏది జరిగినా ముందు నా గొంతులో జరగాలి.

సంఘం పెట్టింది మా దర్జీ భాయ్. ఆయన రేషన్ కార్డులో మగ అనే చోట ఆడ అని పడింది. గడ్డం నిమురుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి దాన్ని దిద్దించుకున్నాడు. ఆ తిరుగుడులో నేర్చుకున్నదంతా తన ఒక్కడి దగ్గరే ఉండిపోతే దండగని, అంగడి వెనక గదిలో గురువారం మధ్యాహ్నాలు తరగతి మొదలుపెట్టాడు. పొద్దున ఉపాధి పనికి పోయొచ్చిన ఆడవాళ్ళు, స్నానం చేసి, కాస్త సంగటి తిని వచ్చి కూర్చునేవాళ్ళు. పక్క వీధిలో డిగ్రీ చదివిన ఒక అమ్మాయి వాళ్ళకు జాబ్ కార్డు చదవడం, అర్జీ రాయడం, గ్రామసభలో లేచి అడగడం నేర్పేది. ఆ అమ్మాయి జీతం, గది కరెంటు, పలకలు, కాగితాలు, అన్నిటికీ ఆధారం తాడిపత్రిలో బట్టల అంగడి ఉన్న ఒక సావుకారు. ఆయన తల్లి వేలిముద్ర వేసే మనిషట. ఎవరిదో మాట నమ్మి వేలు పెట్టి ఒక ఇల్లు పోగొట్టుకుందట. అందుకే ఆయన గుళ్ళకు ఎంత ఇచ్చేవాడో తెలియదు గానీ, మా గదికి ఏటా ఇచ్చేవాడు. ఇచ్చేటప్పుడు ఒక ఉత్తరం కూడా రాసేవాడు. పౌర విద్యకు మాత్రమే అని, కింద గీత గీసి.

ఆ గదిలో అందరికంటే ముందు చదువందుకున్నది గొర్రెలు కాసే ఒక అక్క. మొదటి రోజు కర్ర బయట పెట్టి లోపలికొచ్చింది, కుక్క మాత్రం ఆమె వెంటే వచ్చి కూర్చుంది. ఆరు నెలలకు ఆమె గ్రామసభ తీర్మానం చేతికి తీసుకొని, కూడబలుక్కుంటూ చదివి, "ఇందులో గొర్రెల తొట్టికి కొళాయి ఏసినట్టు రాసిండారే. యాడ ఏసినారు?" అని అడిగింది. కొళాయి కాగితం మీదే ఉంది. తొట్టిలో ఎండుటాకులున్నాయి. ఆ రోజు నుంచి ఆమెకు మంద కంటే పంచాయతీ మీద చూపెక్కువైంది. ఈసారి మా ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్ళకు వచ్చిందనగానే, నిలబడతానంది.

నాకంటే సంతోషించినవాడు లేడు. నా తప్పు కూడా ఆ సంతోషంలోంచే వచ్చింది.

ఆ ఏడాది సావుకారు ఇచ్చిన విరాళంతో ఒక చిన్న పుస్తకం వేయాలని భాయ్ అనుకున్నాడు. గ్రామసభ అంటే ఏమిటి, సర్పంచ్ ఏమి చేయాలి, మనం ఏమి అడగొచ్చు, ఓటు ఎట్లా వేయాలి, ఇవన్నీ పెద్ద అక్షరాల్లో. రాసింది తరగతి చెప్పే అమ్మాయి. ప్రెస్సుకు తీసుకుపోయింది నేను. ప్రెస్సాయన కంప్యూటర్లో అంతా పేర్చి, చివరికొచ్చి ఆగాడు.

"అన్నా, ఎనక అట్ట ఖాళీగా ఉండాది. ఎవరి ఫోటో ఏయాల?"

వేయాలా వద్దా అని అడగలేదు, ఎవరిది అని అడిగాడు. మా పక్క ఆయన ప్రశ్నలో తప్పు లేదు. పిల్ల పెద్దమనిషైతే ఫ్లెక్సీ, అందులో మేనమామలు నల్లద్దాలతో. బోరులో నీళ్ళు పడితే ఫ్లెక్సీ, అందులో బోరు లారీ యజమాని. పెద్దదినం ఫ్లెక్సీలో పోయినాయన మూల చిన్నగా ఉంటాడు, బతికున్న అల్లుళ్ళు నిలువెత్తున ఉంటారు. మొహం లేకుండా అచ్చైన కాగితం మా ఊళ్ళో కరెంటు బిల్లొక్కటే.

నా ఫోనులో అక్క ఫోటో ఉంది. తరగతిలో, కిటికీ వెలుతురులో, పుస్తకం మీద నుంచి తలెత్తి నవ్వినప్పుడు తీసింది. అదే ఇచ్చేశాను. కింద "గ్రామ ప్రజలకు శుభాకాంక్షలతో" అని రాయించాను. ఒకే ఖర్చులో చదువూ ప్రచారమూ రెండూ అయిపోయాయని, వచ్చే దారిలో ఆటో ఆపి నన్ను నేను మెచ్చుకొని ఒక సోడా తాగాను.

పుస్తకాల కట్టలు దింపిన రోజు భాయ్ ఊళ్ళో లేడు. అది గురువారం. తరగతికొచ్చిన ముప్పై మందికీ తలా ఒకటి పంచేశాను. అక్క తన ఫోటోను కొంగుతో తుడిచి చూసుకుంది.

"ఆధారులో నా మొగం దొంగ మొగం మాదిరి ఉంటుందప్పా," అంది. "జాబ్ కార్డులో ఐతే నేనో, మా అత్తో తెలీదు. నా మొగం నాదని తెలిసేది ఇదొక్కటే."

మర్నాడు భాయ్ వచ్చాడు. పుస్తకం ముందు నుంచి చదువుకుంటూ పోయాడు, తల ఊపుతూ. వెనక్కి తిప్పాడు. తల ఆగింది. నోట్లో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి మెత్తకు గుచ్చాడు.

"ఈయమ్మ నామినేషన్ ఏస్తాంది కదా?"

"సోమవారం ఏస్తాంది భాయ్. అందుకే కదా."

"ఈ పుస్తకం ఏ దుడ్లతో ఏసినాం?"

"సావుకారు ఇచ్చినవాటితో."

"సావుకారు దేనికిచ్చినాడు?"

నేను పుస్తకం అందుకొని, ఫోటో కిందికి పోయేలా బల్ల మీద పెట్టాను.

"ఇంతకాలం ఊర్లో ఎవురొచ్చినా, ఏ పక్షమోళ్ళొచ్చినా ఈ గదిలో కూర్చున్నారు," అన్నాడు భాయ్. "రేపట్నుంచి సగం మంది రారు. ఆ కాగితం కూడా పోతాది. కాగితం పోతే సావుకారు పోతాడు. సావుకారు పోతే ఆ పిల్ల జీతం యాడ తెద్దాం? నా ఒక్కడి కుట్టుపనితో గది నడవదప్పా."

గోడ మీద ఫ్రేము కట్టించిన ఎనభై జీ కాగితం వైపు చూశాడు. దానికి రోజూ ఆయనే దుమ్ము తుడుస్తాడు.

పోయేదేమిటో అప్పుడు తెలిసింది నాకు. గురువారం పోతుంది. ఆ ముప్పై మంది మళ్ళీ వేలిముద్రకు పోతారు.

ఇద్దరమూ అనంతపురం బస్సెక్కాం. మా సంఘం పద్దులు చూసే ఆడిటర్ మేడం దగ్గరికి. ఆమె పుస్తకం తిప్పి చూసి, నా వైపు చూసి, "ఇది నీ ఆలోచనేనా?" అంది. జవాబు నా మొహమే చెప్పినట్టుంది.

"లోపల ఉన్నదంతా బాగుంది," అంది మేడం. "ఓటు ఎట్లా వేయాలో చెప్పండి, సర్పంచ్ పనేమో చెప్పండి, అర్జీ రాయించండి. అది చదువు. ఎవరికి వేయాలో చెప్తే అది ప్రచారం. ఆ దుడ్లతో ప్రచారం చేయకూడదు."

"మేం ఎవురికెయ్యాలో చెప్పలేదు మేడం," అన్నాను. "ఉత్త ఫోటోనే."

"లోపల ఓటు ఎట్లా వేయాలో, వెనకాల అభ్యర్థి ఫోటో. ఇంకేం చెప్పాలి?"

"ఆయమ్మ మంచి మనిషి మేడం. వేరేవాళ్ళు అట్ల కాదు."

"కావచ్చు. మంచిదా చెడ్డదా అని చట్టం అడగదు. నీకంత అభిమానముంటే నీ ఆటోలో, నీ పెట్రోలుతో, నీ పేరు మీద తిరుగు. ఎవరూ కాదనరు. సంఘం పేరు, సంఘం గది, సంఘం డబ్బు, ఈ మూడూ పక్కన పెట్టి తిరుగు."

"మరి పోటీ చేసేవాళ్ళు గదికి రానే కూడదా?" అన్నాడు భాయ్.

"రానీ. పిలిస్తే అందర్నీ పిలువు. ఒకే కుర్చీలు, ఒకే ప్రశ్నలు, ఒకే టీ. ఒకరికి పాలు ఎక్కువ పోసినా బాగుండదు."

పుస్తకాల సంగతేమిటని అడిగాను. కాల్చేయక్కర్లేదంది, మొహం కనపడకుండా చేస్తే చాలంది. పంచినవి వెనక్కి తెచ్చుకోవాలి, జరిగింది దాచకుండా మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలి, ఇచ్చినాయనకు మనమే ముందు చెప్పాలి. లేస్తుంటే ఇంకో మాట అంది.

"దిద్దే ఖర్చు మాత్రం ఆ విరాళంలోంచి తీయద్దండి. ఆ అట్టకు పట్టిన ఖర్చు కూడా తిరిగి కట్టేయండి."

భాయ్ నా వైపు చూడలేదు. చూడక్కర్లేదు కూడా.

తిరుగు బస్సులో తాడిపత్రిలో దిగి సావుకారు అంగడికి పోయాం. ఆయన చీరలు మడతపెట్టిస్తున్నాడు. నేనే చెప్పాను, మొదటి నుంచి చివరిదాకా, సోడా తాగింది కూడా. ఆయన పుస్తకం తీసుకొని వెనక అట్టను బట్ట నాణ్యం చూసినట్టు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"మా అంగడికి రెండు పక్షాలోళ్ళూ వస్తారు," అన్నాడు. "ఒకరు పట్టుచీరకొస్తే ఇంకొకరు పంచెలకొస్తారు. నేను ఎవురికి ఓటేస్తానో నా భార్యకు కూడా తెలీదు. నువ్వు వెయ్యి మందికి తెలిపినావు కదప్పా."

"తెలిపిందైతే ముప్పై మందికే సావుకారీ. మిగతావి కట్టలు విప్పలేదు."

"ముప్పై మంది చాలదా మీ ఊరికి?"

నవ్వాడేమోనని చూశాను. నవ్వలేదు.

"మా యమ్మకు ఎవురో ఒకరు ఈ కాగితం మంచిదే, వేలు పెట్టు అన్నారు. మంచోడే అతను, మాకు తెలిసినోడే. అందుకని నాకు మంచోళ్ళంటే భయం. చదివిచ్చి ఊరుకోండి, ఎవురి మాట ఇనాల్నో వాళ్ళే చూసుకుంటారు." పుస్తకం నా చేతికి తిరిగిచ్చాడు. "ఓట్ల రోజుకు ముందు వెయ్యీ తెచ్చి నాకు చూపించు. ఒక్కటి తగ్గినా, ఒక్కదాని మీద మొగం కనపడినా, వచ్చే ఏడు నా దగ్గరికి రావద్దండి."

ఆ సంగతి అక్కకు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. గొర్రెల దొడ్డి దగ్గరికి పోయి చెప్పాను. ఆమె వింటూనే ఒక గొర్రెపిల్లకు కాల్లో ముల్లు తీసింది. తీసి, వదిలి, "కప్పేయాల్నా?" అంది.

"కప్పేయాలక్కా."

"వెయ్యి నాకే ఇయ్యండి. నా మొగం నేనే కప్పుకుంటా. ఇంకొకరు కప్పితే బాధైతాది."

నా ఆటో కిరాయిలతో అట్ట ఖర్చు సంఘానికి కట్టి, తెల్లకాగితం కొన్నాను, అట్ట సైజుకు కత్తిరించి భాయ్ కత్తెర మొద్దు చేశాను. అక్కా, తరగతి ఆడవాళ్ళూ ఎవరి ఇంటి మైదా వాళ్ళే తెచ్చి ఆమె ఇంటి ముందు గోందు కాచారు. సంఘం గదిలో వద్దని భాయ్ అప్పటికే చెప్పాడు. ఎన్నికల్లో గోడలకు మొహాలు అంటించే గోందుతో తన మొహమే మూసుకునే అభ్యర్థిని నేనైతే మరెక్కడా చూడలేదు.

"అక్కా, నీ ప్రచారం భలే జరుగుతాంది," అన్నాను. "గంటకు వంద మొగాలు మాయం."

"నోరు మూసుకొని కాగితం అందియ్యి. లేకుంటే నీ నోటి మీద అంటిస్తా."

మూడొందలు అయ్యాక అందులో ఒకామె, ఈ తెల్లకాగితం ఉత్తగా ఎందుకుండాలి, మనం అడగాల్సింది దీని మీద రాసుకుందామా అంది. తరగతి చెప్పే అమ్మాయి దాన్ని పట్టుకుంది. ప్రతి కాగితం మీదా పైన చేత్తో "నా ప్రశ్న" అని రాసి, కింద గీతలు గీశారు.

పంచినవి వసూలు చేసే పని నాది. ఒకామె దాన్ని మజ్జిగ ముంత మీద మూతగా పెట్టింది. ఒకరింట్లో మంచం కోడు కింద ఎత్తుకు పెట్టారు. ఒక అవ్వ దేవుడి గూట్లో పెట్టి కుంకుమ పెట్టింది. "మన ఊరి ఆడబిడ్డ పుస్తకంలో పడింది, ఇచ్చేది లేదు పో" అంది. అక్కే వచ్చి, "అవ్వా, నేను ఇంకా బతికే ఉండాను, కుంకుమ నా మొగానికే పెట్టు" అంటే గానీ ఇవ్వలేదు. అట్లా ఇరవై తొమ్మిది దొరికాయి.

ముప్పయ్యోది పురుగుమందుల అంగడి వాళ్ళింట్లో ఉంది. వాళ్ళ అత్త మా తరగతికి వచ్చేది. కోడలు అక్క మీద పోటీకి నిలబడింది.

నేను ఆ ఇంటి ముందు ఆటో రెండుసార్లు తిప్పి, మూడోసారి ఆపాను. ఆమె వరస ప్రకారం నాకు వదినవుతుంది. పుస్తకం ఆమె చేతిలోనే ఉంది, నేను వస్తానని తెలిసినట్టు.

"ఏమప్పా, ప్రచారం మా ఇంటికి కూడా వచ్చినాదే," అంది.

"వదినా, తప్పు నాది. ఆ ఫోటో ఇచ్చింది నేను. అక్కకు తెలీదు, భాయ్‌కి తెలీదు."

"మా ఆయన దీన్ని పట్టుకొని పోయి అర్జీ పెడతా అంటాండాడు."

"పెట్టచ్చు వదినా. పెడితే గురువారం తరగతి పోతాది. మీ అత్త సంతకం నేర్చుకునిందే, అది 'ల' దగ్గర ఆగింది. ఇంకో రెండక్షరాలు ఉండాయి."

లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది. "ఇచ్చేయి పాపా. నా పేరు సగంలో ఉండాది."

వదిన పుస్తకం తెరిచి పేజీలు తిప్పింది. నా కళ్ళు ఆమె చేతి మీదే ఉన్నాయి.

"సర్పంచ్ ఏమేం చేయాల్నో ఇందులో రాసిండారు. మా ఆయనకు తెలిసింది నాకు చెప్పడు, సంతకం పెడితే చాలంటాడు. ఎవురైనా వచ్చి కూర్చోవచ్చా మీ గదిలో? నేను కూడా?"

"రావచ్చు. ఒకే కుర్చీ, ఒకే టీ. పాలు కూడా ఎక్కువ పోయం."

ఆమెకు ఆ మాట అర్థం కాలేదు, అయినా నవ్వింది. పుస్తకం ఇచ్చింది. నేను జేబులోంచి తెల్లకాగితం తీసి ఆమె ఎదురుగానే అంటించాను. అర్జీ ఎవరూ పెట్టలేదు.

ఆ గురువారం ఇద్దరు అభ్యర్థులూ ఒకే చాప మీద కూర్చున్నారు. గొర్రెల కుక్క వదిన పక్కన పడుకుంది, దానికి పక్షం తెలియదు. ప్రచారంలో నా ఆటోని ఇద్దరూ కిరాయికి తీసుకున్నారు, పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు. ఓటెవరికని ఊరంతా అడిగింది. సావుకారు దగ్గర నేర్చుకున్నట్టు, ఓటు సంగతి ఇంట్లో కూడా చెప్పనని తప్పించుకున్నాను.

ఓట్లకు నాలుగు రోజుల ముందు వెయ్యి పుస్తకాలూ ఆటోలో వేసుకొని తాడిపత్రి పోయాం. సావుకారు ఒక్కొక్క కట్టా విప్పి, ప్రతి అట్టనూ దీపం వైపు పట్టి, వెనక నుంచి మొహం కనపడుతుందేమో చూశాడు. చీరల బేరం చేసేవాళ్ళు కాచుకున్నారు. చివర్లో ఒకటి తీసి పక్కన పెట్టుకున్నాడు.

"దీని మీద ఏమన్నా కనపడిందా సావుకారీ?" అన్నాడు భాయ్.

"ఏమీ లేదు. ఇది మా యమ్మకు."

మిగతావన్నీ ఇంటింటికీ పంచాం. అక్క కొద్ది ఓట్లతో ఓడింది. పుస్తకం మీద మొహం ఉండి ఉంటే గెలిచేదేమోనని నేనొకసారి అన్నాను. "అట్ల గెలిచింటే ఆ గది నాదైపోయేది, ఊరిది కాకుండా పోయేది. నోరు మూసుకో" అంది.

కొత్త సర్పంచ్ పెట్టిన మొదటి గ్రామసభలో బల్ల వెనక వదిన, వదిన పక్కన ఆమె భర్త కుర్చీ వేసుకొని కూర్చున్నారు. వదిన పుస్తకంలో సర్పంచ్ పని సర్పంచే చేయాలని ఉన్న పేజీ తెరిచి భర్తకు చూపించింది. ఆయన చదివి, లేచి, వెళ్ళి జనంలో కూర్చున్నాడు. అప్పుడు అక్క లేచింది. కర్ర చంకన పెట్టి, పుస్తకం వెనక్కి తిప్పి, తన మొహం మీద తానే అంటించిన కాగితం మీద రాసుకున్నది గట్టిగా చదివింది.

"గొర్రెల తొట్టికి కొళాయి ఏసినట్టు కాగితంలో ఉండాది. తొట్టి దగ్గర లేదు. యాడుండాది?"

వదిన కార్యదర్శి వైపు చూసింది. ఆయన కాగితాల వైపు చూశాడు. "రాయండి, ఆయమ్మ చెప్పింది చెప్పినట్టు రాయండి," అంది వదిన. రాశాక తీర్మానం తన ముందుకు లాక్కొని, మొత్తం చదివి, అప్పుడు సంతకం పెట్టింది. జనంలో వాళ్ళ అత్త తన పుస్తకం మీద పూర్తి పేరు రాసుకుంటోంది.

ఎండాకాలం మొదట్లో తొట్టికి కొళాయి పడింది. ఆ సంగతి నేనే మైకులో చెప్పాను, కిరాయి లేకుండా. అదే పూట అక్క ఫోటోను పెద్దగా ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి ఆమె ఇంటికి తీసుకుపోయాను. తిప్పి తిప్పి చూసింది.

"ఇది ఎవురి దుడ్లతో?" అని అడిగింది.

"నావేనక్కా."

అప్పుడు గోడకు మేకు కొట్టనిచ్చింది.